రమాసుందరిగారి లాంతరాయన

తిరువూరులో గవర్నమెంటు ఉద్యోగం రావాలంటే ముందు రమాసుందరిగారి చేత తిట్లు తినాలని ఒక నమ్మకం ఉండేది. బస్టాండు వెనక వీధిలో, తమ ఇంటి ముందు వసారాలోనే ఆవిడ టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపేవారు. పొద్దున్నే మొదలయ్యే ఆ టకటకలకి అలవాటుపడి వీధిలోవాళ్ళు గడియారం చూడటం మానేశారు. కీబోర్డు వంక చూసినవాళ్ళ వేళ్ళమీద స్కేలు పడేది. "వేళ్ళకి కళ్ళుండాలి గానీ కళ్ళకి వేళ్ళుండకూడదు" అనేవారు. అందులో రెండో సగం ఎవరికీ అర్థమయ్యేది కాదు. టైపు లోయరు పరీక్ష మాత్రం అందరూ పాసయ్యేవాళ్ళు. నేనూ అలాగే పాసయ్యాను.

ఆవిడ భర్త దత్తాత్రేయులుగారు ఎ.కొండూరు వైపు ఒక హైస్కూల్లో తెలుగు పండితులు. అర్చకుల కుటుంబం. పొద్దున బస్సులో వెళ్ళి సాయంత్రం బస్సులో వచ్చేవారు. మాట్లాడేది తక్కువ. ఆ మాట్లాడేదైనా ఎక్కడ గణం తప్పుతుందోనన్నట్టు కాసేపు ఆగి మాట్లాడేవారు. పిల్లలిద్దరూ విజయవాడ హాస్టళ్ళలో చదువుకుంటున్నారు.

తొంభైల చివరికొచ్చేసరికి టైపు మిషన్లకి రోజులు దగ్గరపడ్డాయి. వినగడప నుంచి పత్తి అమ్ముకోడానికి వచ్చిన రైతు కూడా పనిలో పనిగా వసారా ఎక్కి, మావాడికి కంప్యూటరు నేర్పుతారా అని అడగటం మొదలుపెట్టాడు. వచ్చినవాళ్ళని లేదని పంపడం రమాసుందరిగారికి చేతకాదు. విజయవాడలో ఒక కంపెనీ మూతపడి తన పాత కంప్యూటర్లని వదిలించుకుంటోందని తెలిసి, వెళ్ళి నాలుగు కొనుక్కొచ్చారు. మామిడికాయలు దించి తిరిగొస్తున్న లారీలో, ఖాళీ పెట్టెల మధ్య కూర్చుని అవి తిరువూరు చేరాయి. తెరలు నలుపూ తెలుపూ. కంప్యూటరు పెట్టెలు అప్పటికే పసుపు తిరిగాయి. విజయవాడలో వాటిని చూసి నవ్వారు. తిరువూరులో కొబ్బరికాయ కొట్టారు. దత్తాత్రేయులుగారు కుంకుమ పెట్టి, వీటికి ఏ మంత్రం వర్తిస్తుందో తేలక చివరికి వాహనపూజ చేసి పైకి లేచారు.

గోడమీద రమాసుందరిగారు స్వయంగా టైపు చేసిన కాగితం అంటించారు. "ఈ కంప్యూటర్లు విద్య కొరకు మాత్రమే. ఆటలు ఆడువారు ఫీజు వాపసు లేకుండా పంపివేయబడుదురు."

అయితే ఒక ఆట మూడో కంప్యూటరులో ముందునుంచే ఉంది. మూతపడిన కంపెనీలో ఎవరో గుమాస్తా పని ఎగ్గొట్టడానికి ఎక్కించుకుని ఉంటాడు. కంపెనీ మూతపడటంలో ఆ ఆటకీ కొంత పాత్ర ఉండొచ్చు. దాన్ని తీసేద్దామనే రమాసుందరిగారు తెరిచారు. ఏమిటో చూడకుండా తీసేస్తే దాంతోపాటు ఇంకేదైనా పోతుందేమోనని భయం. తెరవగానే ఒక కోట గుమ్మం కనబడింది. గుమ్మం ముందు లాంతరు పట్టుకుని వేలెడంత మనిషి. ఆయన ఆవిడ వంక చూస్తూ కదలకుండా నిలబడ్డాడు. ఒక మీట నొక్కితే అడుగేశాడు. ఇంకో మీట నొక్కితే గెంతాడు. మూడో మీట ఏదో వెతుక్కునేలోపు నడుచుకుంటూ వెళ్ళి గోతిలో పడి చచ్చిపోయాడు.

తన చేతిమీదుగా ఒక మనిషి పోవడం ఆవిడకి నచ్చలేదు. మళ్ళీ మొదలుపెట్టారు.

మధ్యాహ్నాలు బ్యాచ్‌లు ఉండేవి కావు. ఆవిడ భోజనం చేసి, వసారా తలుపు దగ్గరికి వేసుకుని, మూడో కంప్యూటరు ముందు కూర్చునేవారు. ఎవరైనా తలుపు తోస్తే "మిషను చెక్ చేస్తున్నా" అనేవారు. మిగతా మూడింటికీ చెకింగ్ ఎందుకు అక్కర్లేదో ఎవరూ అడగలేదు. ఆవిడని అడిగే ధైర్యం తిరువూరులో ఎవరికుంది గనక.

ఆట సంగతి చెప్పాలంటే పెద్దగా ఏమీ లేదు. కోట లోపల అంతస్తు మీద అంతస్తు. గోతులు, ఒక బావి, పైనుంచి పడే రాళ్ళు, గబ్బిలాలు. లాంతరులో నూనె అయిపోయేలోపు పైకప్పు చేరాలి. పడితే మళ్ళీ గుమ్మం దగ్గరనుంచే. మధ్యలో ఆగి రేపు అక్కడినుంచి మొదలుపెట్టడమంటూ లేదు. ఇది విని ఎవరైనా పోన్లే అనుకుంటారు. రమాసుందరిగారికి మాత్రం ఇది టైపు పరీక్షలాగే కనబడింది. తప్పు కొడితే చెరిపే వీల్లేదు, కాగితం మార్చి మొదటినుంచి కొట్టాలి. ఆవిడ వేళ్ళు అందులోనే పండినవి. చూపు తెరమీదనుంచి తిప్పకుండా ఆడేవారు. ఏడాది తిరిగేసరికి ఒక మధ్యాహ్నం లాంతరాయన పైకప్పు ఎక్కాడు. అక్కడున్న పెద్ద దీపాన్ని తన లాంతరుతో వెలిగించాడు. తెర మెల్లగా తెల్లబడి కోటమీద తెల్లవారింది. అభినందనలు అని ఇంగ్లీషులో పడింది.

ఆవిడ చుట్టూ చూశారు. వసారాలో గుడ్డలు కప్పిన టైపు మిషన్లు తప్ప ఎవరూ లేరు.

ఆ సాయంత్రం భర్తకి కాఫీ ఇస్తూ విషయమంతా చెప్పారు. ఆయన శ్రద్ధగానే విన్నారు.

"ఎవరా లాంతరు పట్టుకున్నాయన?" అని అడిగారు.

"ఎవరూ కాదండీ. బొమ్మ."

"మరి కోటలోకి ఎందుకెళ్ళాడు?"

"దీపం వెలిగించడానికి."

"ఎవరు వెలిగించమన్నారు?"

దత్తాత్రేయులుగారు గ్లాసు కిందపెట్టి, కథలో బీజం లేదని తేల్చి, పేపరు అందుకున్నారు.

భర్త మెచ్చుకోలేదని ఆవిడకి కోపం రాలేదు. ఆయన ఏ కావ్యాన్నీ తేలిగ్గా మెచ్చుకునే మనిషి కాదు. కాకపోతే ఏడాదిపాటు చేసిన పనికి లోకంలో ఒక్క సాక్షి లేడన్న మాట ఆవిడని పట్టుకుని వదల్లేదు. లోయరు పాసైతే సర్టిఫికెట్టిస్తారు. దీనికి ఏమిస్తారు? తర్వాత ఆవిడ చాలాసార్లు దీపం వెలిగించారు. వెలిగించిన ప్రతిసారీ అదే వసారా, అవే గుడ్డలు.

రెండువేల సంవత్సరం దాటాక ఇన్‌స్టిట్యూట్‌కి రంగుల తెరతో కొత్త కంప్యూటరు వచ్చింది. పాతవాటిలో మూడు అప్పటికే మూలబడ్డాయి. వాటి సామాను పీకి మూడో కంప్యూటరులో వేస్తూ నెట్టుకొస్తున్నారు. ఆవిడ ఆటని ఫ్లాపీలోకి ఎక్కించి కొత్తదాంట్లో వేసి చూశారు. పాత కంప్యూటరు వేగాన్ని నమ్ముకుని రాసిన ఆట అది. కొత్తది దానికి ఎన్నో రెట్లు వేగం. లాంతరాయన గుమ్మం ముందు కనబడటం, గోతిలో పడటం ఒక్క రెప్పపాటులో అయిపోయాయి. ఆవిడ వేలు ఇంకా మీటమీద ఆనలేదు. ఎన్నిసార్లు చేసినా అంతే. చచ్చిపోవడానికే వచ్చినట్టు వచ్చి పోతున్నాడు. కొత్త కంప్యూటరుకి మర్యాద తెలీదని ఆవిడ తీర్మానించి, దాన్ని పిల్లలకి వదిలేశారు.

సరిగ్గా అప్పుడే మూడో కంప్యూటరు లోపలినుంచి కీచుమనడం మొదలుపెట్టింది. విజయవాడ నుంచి వచ్చిన మెకానిక్ చెవి ఆనించి విన్నాడు. హార్డ్ డిస్కు అరిగిపోయిందనీ, ఎంతోకాలం రాదనీ, దానికి సామాను ఎక్కడా దొరకదనీ చెప్పాడు. ఆ మాట కంప్యూటరు ముందు కాకుండా, ఇంట్లో పెద్దవాళ్ళ గురించి డాక్టరు చెప్పినట్టు ఆవిడని గుమ్మం బయటికి పిలిచి చెప్పాడు.

రమాసుందరిగారు మర్నాడే జోజప్ప దగ్గరికి వెళ్ళారు. తిరువూరులో గుడి పెళ్ళికైనా చర్చి పెళ్ళికైనా వీడియో తీసేది జోజప్పే. అప్పుడు మూఢం నడుస్తోంది. ముహూర్తాలు లేక అతను కెమెరాకి తువ్వాలు చుట్టి, షాపు ముందు కూర్చుని ఉన్నాడు. వీడియో తియ్యాలనేసరికి లేచి నిలబడ్డాడు.

"మూఢంలో ఏం ఫంక్షనండీ టీచరుగారూ?"

"ఫంక్షను కాదు జోజప్పా. మా కంప్యూటరుని తియ్యాలి."

"అమ్ముతున్నారాండీ?"

"కాదు. అందులో ఒకాయన ఉన్నాడు. ఆయన్ని తియ్యాలి."

జోజప్ప కెమెరాకి చుట్టిన తువ్వాలు విప్పాడు. మూఢంలో వచ్చిన పని ఏదైనా పనే.

ఆదివారం పొద్దున్నే, దత్తాత్రేయులుగారు గుడి పనిమీద వెళ్ళాక వచ్చి, అలవాటు ప్రకారం ముందు పెళ్ళి లైటు వెలిగించాడు. తెరలో ఆ లైటూ, దాని పక్కన జోజప్ప పొట్టా కనబడ్డాయి తప్ప కోట కనబడలేదు. లైటు తీసేస్తే కిటికీలు కనబడ్డాయి. కిటికీలకి దుప్పట్లు కట్టారు. ఫ్యాను గాలికి దుప్పట్లు లేస్తున్నాయని ఫ్యాను ఆపారు. మామిడికాయలు కోతకొచ్చిన ఎండల్లో, తలుపులన్నీ బిగించిన వసారాలో ఇద్దరూ ఆవిరికి పెట్టిన కుడుముల్లా అయ్యారు. ఇన్నాళ్ళూ ఎవరూ చూడటం లేదని బాధపడిన మనిషికి, తీరా ఒకడు వెనక నిలబడి చూస్తుంటే చెయ్యి వణికింది. మొదటి గోతిలోనే పడ్డారు. తమ ఇన్‌స్టిట్యూట్ నుంచి పరీక్షకి వెళ్ళి చెయ్యి వణికిందని చెప్పుకున్న పిల్లల్ని ఆవిడ ఎన్నిసార్లు తిట్టారో లెక్కలేదు.

జోజప్ప మాత్రం ఓదార్చాడు. "పర్లేదండీ. తాళి కట్టేటప్పుడు కరెంటు పోతే మళ్ళీ కట్టిస్తాం. ఇదెంత."

కరెంటు కూడా పోయింది.

వాటన్నిటికన్నా పెద్ద చిక్కు టేపుని టీవీలో వేసి చూసినప్పుడు బయటపడింది. మామూలు కంటికి నిలకడగా కనబడే తెరమీద, టేపులో మాత్రం ఒక నల్లటి పట్టీ కిందనుంచి పైకి పాకుతోంది. పైకి చేరగానే మళ్ళీ కిందనుంచి బయలుదేరుతోంది. జోజప్ప కెమెరాకున్న మీటలన్నీ తిప్పాడు. పట్టీ నెమ్మదించింది గానీ పోలేదు.

"మా కెమెరా రెప్పకొట్టడం, మీ తెర రెప్పకొట్టడం ఒక్కసారి పడట్లేదండీ. పొంతన కుదర్లేదు" అన్నాడు.

పొంతన కుదరని పెళ్ళిళ్ళు ఆవిడ చాలా చూశారు. అవి జరక్క మానలేదు. పైగా మిషను కీచుమంటోంది. ఉన్నదాంట్లోనే కానిమ్మన్నారు.

కొన్ని ఆదివారాలు గడిచాక ఒక పూట అన్నీ కలిసొచ్చాయి. కరెంటు పోలేదు, చెయ్యి వణకలేదు, హార్డ్ డిస్కు కీచుమంటూనే నడిచింది. లాంతరాయన దీపం వెలిగించాడు. ఆ క్షణంలో జోజప్ప, అప్పగింతలప్పుడు పెళ్ళికూతురి తల్లి మీదకి తిప్పినట్టు, కెమెరాని రమాసుందరిగారి ముఖం మీదకి తిప్పబోయాడు.

"నన్నెందుకయ్యా తీస్తావు, అటు తియ్యి" అని ఆవిడ కసిరారు.

దాంతో ఆవిడ ముఖం టేపులో పడలేదు.

జోజప్పకి మిక్సింగ్ అంటే ఒకటే పద్ధతి తెలుసు. కంప్యూటరులోంచి బీప్‌లు తప్ప సంగీతం రాలేదు గనక మొదటినుంచీ నాదస్వరం వేశాడు. ఒక్కో అంతస్తు దాటగానే తెరమీద గులాబీ రేకులు రాలాయి. దీపం వెలిగే చోట గట్టిమేళం. చివర్లో శుభం, దాని కింద పెద్దక్షరాలతో "జోజప్ప వీడియోస్, తిరువూరు". రమాసుందరిగారు ఆ కేసెట్టు ఒకసారి చూసి, నిట్టూర్చి, బీరువాలో పెట్టుకున్నారు. తన దగ్గర ఇంకో కాపీ ఉంచుకుంటున్నానని జోజప్ప చెప్పనూ లేదు, ఆవిడ అడగనూ లేదు.

మా ఊళ్ళో కేబుల్ నడిపేది ఆదిశేషయ్య. మధ్యాహ్నం పూట తన సొంత ఛానెల్లో సినిమా కేసెట్లు వేసేవాడు. ఆ మధ్య ఎవరో వచ్చి, ఇలా వేస్తే కేసవుతుందని హెచ్చరించి పోయారు. ఆదిశేషయ్య భయపడి ఊళ్ళో జరిగిన పెళ్ళిళ్ళ కేసెట్లు వేయడం మొదలుపెట్టాడు. మూఢంలో అవీ అయిపోయాయి. ఏదన్నా ఉంటే ఇమ్మని జోజప్పని అడిగితే, జోజప్ప ఇచ్చింది ఈ కేసెట్టు. ఆదిశేషయ్య తెలివైనవాడు. మొత్తం ఒకేసారి వేస్తే రేపటికి ఏముంటుంది? రోజుకో అంతస్తు చొప్పున వేశాడు. అది కూడా లాంతరాయన గోతి అంచున నిలబడి ఉన్నప్పుడు ఆపేసేవాడు.

మొదటిరోజు జనం టీవీ చెడిపోయిందనుకున్నారు. రెండోరోజు, నాదస్వరం వినబడి, ఎవరి పెళ్ళో చూద్దామని వచ్చినవాళ్ళు కూర్చుండిపోయారు. మామిడి కోతలు అయిపోయి, వాన కోసం ఆకాశం చూసే రోజులు. మధ్యాహ్నం ఎవరికీ పని లేదు. బస్టాండు ఎదురుగా బసవపున్నయ్య టీ కొట్లో టీవీని బయటికి తిప్పి పెట్టారు. విజయవాడ బస్సు ఎక్కాల్సినవాళ్ళు, ఈ అంతస్తు అయ్యాక వచ్చే బస్సుకి వెళదామని నిలబడేవాళ్ళు.

జనానికి అన్నిటికన్నా నచ్చింది నల్లపట్టీ. అదేమిటో మొదట కనిపెట్టింది రమాసుందరిగారి పక్కింటి సీతారావమ్మ. ఆ కోటని పట్టిన దెయ్యం అది అని ఆవిడ తేల్చింది. నేలలోంచి లేస్తుంది, లాంతరు వెలుగుని మింగబోతుంది, ఆ మనిషి సమయానికి గెంతి తప్పించుకుంటాడు. పట్టీ ఎడతెరిపి లేకుండా పైకి పోతూనే ఉండేది, లాంతరాయన నిమిషానికోసారి ఎటూ గెంతుతూనే ఉండేవాడు. రెండూ కలవక చస్తాయా. ఈ వివరణ రెండురోజుల్లో గంపలగూడెం దాటింది.

రమాసుందరిగారికి కేబుల్ చూసే అలవాటు లేదు. సంగతి ఆవిడకి కూరల బుట్ట దగ్గర తెలిసింది. బెండకాయలు ఏరుతుంటే కూరలమ్మే పిచ్చమ్మ, నిన్న మూడో అంతస్తులో ఏమైందో చెప్పడం మొదలుపెట్టింది. ఆవిడ చేతిలో బెండకాయ అలాగే ఉండిపోయింది.

"ఎక్కడ చూశావు?" అని మెల్లగా అడిగారు.

"టీవీలో టీచరమ్మా. మీరు చూట్టంలేదా? ఆ దెయ్యం వచ్చినప్పుడల్లా మా కోడలు కళ్ళు మూసుకుంటది. ఆయన్ని ఆడించేవోడెవడో గాని బలే చెయ్యి తిరిగినోడు. ఒక్క బావికాడ మాత్తరం కంగారుపడ్డాడు."

ఆ బావి దగ్గర కంగారుపడిన మాట నిజం. ఆ క్షణంలో కరెంటు పోబోతున్నట్టు తెర మిణుకుమంది. ఆ ముక్క పిచ్చమ్మకి చెప్పాలని రమాసుందరిగారికి నాలుక చివరిదాకా వచ్చింది. చెబితే ఆ ఆడించేవోడు తానేనని ఒప్పుకోవాలి. గోడమీద కాగితం ఉండనే ఉంది. బెండకాయలు తూయించుకుని ఇంటికొచ్చేశారు.

ఊరంతా సాక్షులే ఇప్పుడు. ఒక్కరికీ ఆవిడ పేరు తెలీదు. మెప్పంతా ఆఖరి రోజు చివర్లో కనబడిన పేరుకి పోయింది. బసవపున్నయ్య జోజప్ప వస్తే లోపలినుంచి కుర్చీ తెప్పించి వేస్తున్నాడు. అంత దెయ్యాన్ని ఎలా తీశావని ఎవరైనా అడిగితే జోజప్ప "మనదేముందండీ, అంతా ఆయన దయ" అని పైకి చూపిస్తున్నాడు. అబద్ధం చెప్పడం అతనికి ఇష్టంలేదు. నిజం చెప్పమని ఎవరూ అడగటమూ లేదు.

ఆవిడ కనీసం దెయ్యం సంగతైనా సరిచేద్దామని సీతారావమ్మ దగ్గరికి వెళ్ళారు.

"పిన్నిగారూ, అది దెయ్యం కాదండీ. కెమెరాకీ తెరకీ కుదరక పడిన చార. తప్పు అది."

సీతారావమ్మ ఆవిడ వంక జాలిగా చూసింది. "నువ్వు చదువుకున్నదానివమ్మాయ్. నీకు కనబడదులే."

ఈ మాటతో రమాసుందరిగారికి పట్టుదల వచ్చింది. తప్పు టైపు చేసిన కాగితాన్ని ఊరంతా అచ్చువేసి పంచుతుంటే ఊరుకునే మనిషి కాదు. విజయవాడ మెకానిక్‌ని పట్టుకుని, కంప్యూటరు బొమ్మని తిన్నగా టీవీలోకి పంపే చిన్న పెట్టె ఒకటి తెప్పించారు. దానికి వీసీఆర్ తగిలించి, కెమెరా లేకుండా, నాదస్వరం లేకుండా, గులాబీ రేకులు లేకుండా ఆట మొత్తం మళ్ళీ ఆడి ఎక్కించారు. ఈసారి బావి దగ్గర కూడా తడబడలేదు. బొమ్మ కడిగిన పలకలా ఉంది. నల్లపట్టీ జాడలేదు. మొదట్లో తెరమీదే తెలుగులో టైపు చేసి చూపించారు: "ఆడినవారు, శ్రీమతి రమాసుందరి, టైపు అధ్యాపకురాలు." ఆ మాటలు పెట్టే ముందు చాలాసేపు ఆలోచించారు. అంతకుముందే గోడమీద కాగితం తీసి సొరుగులో పడేశారు. అదొక్కటీ ఎవరూ చూడలేదు.

కేసెట్టు పట్టుకుని ఆదిశేషయ్య గదికి స్వయంగా వెళ్ళారు. అతనూ ఒకప్పుడు ఆవిడ దగ్గర స్కేలు దెబ్బలు తిన్నవాడే. ఎదురుచెప్పకుండా ఆ మధ్యాహ్నమే వేశాడు.

మొదటి అంతస్తు పూర్తికాకముందే ఫోన్లు మొదలయ్యాయి. దెయ్యం ఏమైందని అడిగారు. మీ కేబుల్లో ఏదో తేడా వచ్చినట్టుందన్నారు. ఇంత వెలుతురుగా ఉంటే భయమెలా వేస్తుందన్నారు. వినగడప నుంచి ఒకాయన, ఏమీ లేనిదానికి ఆ మనిషి ఊరికే గెంతుతున్నాడనీ, మతి తప్పినట్టుందనీ బాధపడ్డాడు. ఆదిశేషయ్య రెండోరోజు దాకా ఓపికపట్టి, మూడోరోజు పాత కేసెట్టు వేసేశాడు. ఊరు ఊపిరి పీల్చుకుంది.

కానీ పేరు మాత్రం అందరూ చదివారు. అమ్మాయిని టైపుకి పంపుతున్న ఒక తండ్రి వచ్చి, టీచరే ఆటలాడితే పిల్లలేం నేర్చుకుంటారని గట్టిగా అడిగాడు. అడిగి, వెళ్ళబోతూ గుమ్మం దగ్గర ఆగి, ఐదో అంతస్తులో రాయి మీద పడకుండా ఎలా దాటారో చెప్పమన్నాడు. కొంతమంది మానేశారు. మానేసినవాళ్ళకన్నా ఎక్కువమంది చేరారు. వాళ్ళలో ఎవరికీ టైపు అక్కర్లేదు. లాంతరాయన దగ్గరికి వెళ్ళాలంటే ముందు లోయరు పాసవ్వాలని ఆవిడ షరతు పెట్టడంతో, కంప్యూటర్లొచ్చి చంపేసిన టైపు క్లాసులు తిరువూరులో మాత్రం ఇంకొన్నాళ్ళు బతికాయి.

దత్తాత్రేయులుగారికి సంగతి స్టాఫ్‌రూములో తెలిసింది. ఆ సాయంత్రం ఆయన బస్సు దిగి మామూలుగానే ఇంటికొచ్చారు. కాళ్ళు కడుక్కున్నారు. కాఫీ తాగారు. పేపరు తియ్యలేదు. ఆవిడ గుండె దిటవు చేసుకుని ఎదురుగా కూర్చున్నారు. అర్చకుల ఇంటి కోడలు కేబుల్లో ఆటలాడిందని బళ్ళో ఎవరేమన్నారో, ఈయన దానికి ఏ శ్లోకం చదువుతారో అనుకున్నారు.

"సుందరీ, ఆ దెయ్యం వచ్చేది నీకు ముందే ఎట్లా తెలిసేది?"

మధ్యాహ్నం ఇంటర్వెల్లులో బడి ఎదుటి కొట్లో మేష్టార్లంతా చూస్తున్నారట. మొదటి అంతస్తు నుంచీ ఆయన ఒక్కరోజు కూడా వదల్లేదట. కథలో బీజం లేదన్న ఆయనకి నల్లపట్టీలో బీజం దొరికింది.

పొంతన గురించి, తెర రెప్పకొట్టడం గురించి, పరిశుభ్రమైన రెండో కేసెట్టు గురించి ఆవిడ చెప్పాల్సింది చాలా ఉంది. వాళ్ళ పెళ్ళయినప్పటినుంచీ ఆయన ఆవిడ పని గురించి ఇలా ముందుకి వంగి అడిగింది లేదు.

"కిందనుంచే వస్తుంది కదండీ" అన్నారు రమాసుందరిగారు. "వచ్చేముందు లాంతరు కొంచెం మసకబారుతుంది. చూసుకుంటూ ఉండాలి."

"అదీ సంగతి" అన్నారాయన తృప్తిగా. "నేనూ అదే అనుకున్నాను."

తర్వాత ఆదిశేషయ్య కొత్తది కావాలని వచ్చాడు. కోటలో ఇంతవరకూ తిరగని గదులు చాలా ఉన్నాయి. వాటిలోంచి దీపం దాకా వెళ్ళే దారులు ఆవిడకి తెలుసు. తిన్నగా ఎక్కించే పెట్టెతో కాదు, జోజప్ప కెమెరాతోనే తియ్యాలని అతను బతిమాలాడు. ఆవిడ ఒప్పుకున్నారు. తన పేరు జోజప్ప పేరు కన్నా పెద్దక్షరాల్లో ఉండాలన్నారు. నల్లపట్టీ అవసరమైనచోట ఎక్కువసేపు కనబడేట్టు గెంతడం కూడా నేర్చుకున్నారు. దుప్పట్లు కట్టిన వసారాలో ఇలా ఇంకొన్ని కేసెట్లు తయారయ్యాక, ఒక ఆదివారం మూడో కంప్యూటరు కీచుమనడం ఆపేసింది. మళ్ళీ లేవలేదు. జోజప్ప కెమెరా మూసి, చర్చిలో చేసినట్టు ఒక నిమిషం తల వంచుకున్నాడు. పాతసామాన్లవాడు దాన్ని తీసుకెళుతుంటే రమాసుందరిగారు లోపల క్లాసు చెబుతున్నారు. బయటికి రాలేదు.

ఉన్న కేసెట్లనే ఆదిశేషయ్య తిప్పి తిప్పి వేశాడు. రెండువేల ఆరూ ఏడూ వచ్చేసరికి ఇళ్ళమీద డిష్‌లు మొలిచాయి. మధ్యాహ్నం పూట ఏ ఛానెల్లో చూసినా సీరియళ్ళే, వాటిలో దెయ్యాలకి కొదవలేదు. ఒకరోజు రెండు గంటలకి ఆదిశేషయ్య ఛానెల్లో లాంతరాయన రాలేదు. ఎప్పుడో తీసిన పెళ్ళి ఏదో నడుస్తోంది. మర్నాడూ అంతే. కేబుల్ గదికి ఎవరైనా ఫోను చేశారేమోనని రమాసుందరిగారు జోజప్ప చేత అడిగించారు. ఎవరూ చేయలేదట.

అప్పటికి దత్తాత్రేయులుగారు రిటైరయ్యారు. మధ్యాహ్నం భోజనం చేసి టీవీ ముందు పడకకుర్చీలో కూర్చునేవారు. ఆ రోజూ కూర్చుని, తెలియని ఎవరిదో అప్పగింతలు కాసేపు చూసి, లోపలికి వినబడేట్టు అడిగారు.

"సుందరీ, మనాయన్ని వెయ్యట్లేదేంటి?"

"వాళ్ళ గదిలో కరెంటు లేదేమోనండీ" అన్నారు రమాసుందరిగారు, వచ్చి ఆయన పక్కన కూర్చుంటూ.

తెరమీద పెళ్ళికూతురి తల్లి ఏడుస్తోంది. ఇద్దరూ దాన్నే చూస్తూ కూర్చున్నారు.